రక్తదాతలు, పార్వో వైరస్: అపోహలు – వాస్తవాలు

అపోహ: పార్వో కుక్కల జబ్బు, మనుషుల రక్తానికి దానితో పనేంటి?

మాచవరంలోనైనా నరసరావుపేటలోనైనా పార్వో అనగానే కుక్కపిల్లల వాంతులు, నెత్తుటి విరేచనాలే గుర్తొస్తాయి. అది వేరే వైరస్, మనుషులకు అంటదు. మనకు సోకేది పార్వో బి19. 1975లో లండన్‌లో యివాన్ కోసార్ట్ బృందం దాతల రక్తంలో హెపటైటిస్-బి కోసం వెతుకుతుంటే ఇది బయటపడింది. బి వరసలో 19వ నమూనాలో దొరికింది కాబట్టి ఆ పేరు.

అపోహ: దానం చేసిన రక్తానికి అన్ని పరీక్షలూ చేస్తారు.

మన దేశంలో తప్పనిసరిగా చూసేవి ఐదు: హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా. పార్వో అందులో లేదు.

అపోహ: అయితే రక్తం ఎక్కించుకుంటే ముప్పే.

అందరికీ కాదు. పెద్దవాళ్లలో చాలామందికి చిన్నప్పుడే ఇది వచ్చి పోయి ఉంటుంది, యాంటీబాడీలు కాపాడతాయి. ఈ వైరస్ దెబ్బకొట్టేది ఎముక మజ్జలో ఎర్రకణాల తయారీని. ఆరోగ్యవంతుల ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. వారం పది రోజులు తయారీ ఆగినా వాళ్లకు తెలియనే తెలియదు. సికిల్‌సెల్ పిల్లల కణాలు 10–20 రోజులకే రాలిపోతాయి. వాళ్లకు తయారీ ఆగిందంటే హిమోగ్లోబిన్ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. గర్భిణికి సోకితే కడుపులో బిడ్డకు తీవ్ర రక్తహీనత రావచ్చు. కనీసం ఇలాంటివాళ్లకు, నెలనెలా రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లలకు ఇచ్చే రక్తానికైనా పార్వో పరీక్ష ఉండి తీరాలి. ఖర్చు సాకుగా చూపి వాళ్లను వదిలేయడం న్యాయం కాదు.

అపోహ: వేడి చేస్తే, రసాయనం కలిపితే చచ్చిపోతుంది.

ఆ రసాయనాలు వైరస్ మీది కొవ్వు పొరను కరిగిస్తాయి. దీనికి ఆ పొరే లేదు. వేడికీ ఒక పట్టాన లొంగదు. హీమోఫిలియా మందుల కోసం వేలమంది ప్లాస్మాను కలిపినప్పుడు ఒక్కరి వైరస్ మొత్తానికీ పాకుతుంది. అందుకే ఆ ప్లాస్మాలో ఈ వైరస్ మిల్లీలీటరుకు 10,000 అంతర్జాతీయ యూనిట్లు దాటకూడదని అమెరికా ఎఫ్‌డీఏ 2009లో సూచించింది.

అపోహ: ఒంట్లో బాగానే ఉంది, నా రక్తానికేం?

దద్దుర్లు, కీళ్ల నొప్పులు కనబడేసరికి రక్తంలో వైరస్ చాలావరకు తగ్గిపోతుంది. ఉద్ధృతంగా ఉండేది అంతకు వారం ముందు, మామూలు జ్వరంలా వచ్చిపోయే రోజుల్లో. ఒక్కోసారి ఆ జ్వరం కూడా ఉండదు. అందుకే శిబిరంలో ఫారం నింపేటప్పుడు ఇటీవలి జ్వరం గురించి, ఇంట్లో పిల్లలకు ఈ వైరస్ వల్ల బుగ్గలు ఎర్రగా కందిన సంగతి గురించి దాచకుండా చెప్పండి. డాక్టరు కొన్నాళ్లు ఆగమంటే ఆగండి. రక్తమిచ్చి ఇంటికెళ్లాక జ్వరం తగిలితే బ్లడ్‌బ్యాంకుకు ఫోన్ చేయండి, మీ రక్తం ఇంకా ఎవరికీ ఎక్కించకపోతే ఆ సంచిని పక్కన పెట్టవచ్చు.