మాత్ర ఒక చోట, పరీక్ష మరో చోట

లాల్‌దర్వాజా గల్లీలో ఒకామె నన్నడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. ఆమెకు హెచ్.ఐ.వి. ఉంది. లాడ్‌బజార్ దుకాణాల కోసం ఇంట్లోనే కూర్చుని లక్క గాజులకు రాళ్ళు అతికిస్తుంది. “అక్కా, గోలీలు దినాం మింగుతనే ఉన్న. నొప్పి లేదు, నెత్తురు లేదు. మళ్ల ఈ పరీక్షెందుకు?” అంది. అది తప్పించుకునే మాట కాదు. చెప్పవలసినవాళ్ళు చెప్పనందువల్ల పుట్టిన ప్రశ్న.

గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు దాదాపు ఎప్పుడూ మూలం హెచ్.పి.వి. అనే వైరస్. ఈ సంబంధం కనిపెట్టినందుకే జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్ చాలామంది స్త్రీలకు ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. ఎక్కువమందిలో శరీరపు రక్షణశక్తే దాన్ని తరిమేస్తుంది. హెచ్.ఐ.వి. దెబ్బతీసేది సరిగ్గా ఆ శక్తినే. అంచేత హెచ్.పి.వి. తిష్ఠ వేస్తుంది, కణాలు మారతాయి. మామూలుగా 15, 20 ఏళ్ళు పట్టే మార్పు రక్షణశక్తి క్షీణించినవాళ్ళలో 5, 10 ఏళ్ళలోనే కేన్సర్ కావచ్చు. హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలకు ఈ ప్రమాదం ఆరు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మాత్రలు ప్రాణం నిలుపుతాయి, ప్రమాదాన్ని తగ్గిస్తాయి, పూర్తిగా తుడిచివెయ్యవు. నొప్పి, నెత్తురు కనిపించేసరికి తరచు రోగం ముదిరి ఉంటుంది. కాబట్టి ఏమీ లేనప్పుడే పరీక్ష.

ఆ పరీక్ష బ్రహ్మవిద్యేమీ కాదు. తర్ఫీదు పొందిన నర్సు పలచని ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే వెనిగర్‌లో ఉండేదాన్నే, ముఖద్వారానికి రాసి ఒక నిమిషం ఆగి చూస్తుంది. కణాలు మారిన చోటు తెల్లబడుతుంది. ఇంతకన్నా నమ్మదగ్గది హెచ్.పి.వి. పరీక్ష; దానికి నమూనా స్త్రీ తనే తీసి ఇవ్వవచ్చు. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకు 25వ ఏటి నుంచి, 3 నుంచి 5 ఏళ్ళకొకసారి ఈ పరీక్ష చెయ్యాలని ఆ సంస్థ 2021లో చెప్పింది. వైరస్ ఉందన్నంత మాత్రాన కేన్సర్ ఉన్నట్టు కాదు. మరో పరీక్షతో నిర్ధారించుకుని, మారిన భాగాన్ని గడ్డకట్టించో కాల్చో తొలగిస్తారు.

మరి ఇంత తేలికైనది ఎందుకు అందడం లేదు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ళ స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. మూసీ ఒడ్డున ఉస్మానియా, నదికి ఇవతల పేట్లబుర్జ్ ప్రసూతి ఆసుపత్రి, రెడ్‌హిల్స్‌లో కేన్సర్ ఆసుపత్రి. పటంలో ఇవి దగ్గరే. గాజుల లెక్కన కూలి దొరికే మనిషికి మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో రోజు కూలి. పైగా కొత్త చోటికి వెళ్ళిన ప్రతిసారీ తన జబ్బు పేరు కొత్తవాళ్ళ ముందు చెప్పుకోవాలి. గోప్యతను 2017 చట్టం హక్కుగా గుర్తించింది. కాని వరసలో నిలబడ్డ స్త్రీకి ఆ చట్టం కనపడదు.

ఈ నిర్లక్ష్యం మన ఊరిదే కాదు. అమెరికాలో స్త్రీలు వీధికెక్కి పోరాడాకే, 1993లో ఈ కేన్సర్‌ను ఎయిడ్స్ నిర్వచనంలో చేర్చారు. అంతవరకూ ఆ నిర్వచనం ప్రధానంగా పురుషుల రోగాలను బట్టి తయారైందే.

పేదల అనుమానాన్ని మూఢత్వమనడం తప్పు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్.పి.వి. టీకా పథకం నడిచినప్పుడు ఎందరో హాస్టల్ బాలికల తరఫున వార్డెన్లే సంతకాలు పెట్టారు. మహిళా సంఘాల నిరసనతో 2010 ఏప్రిల్‌లో అది ఆగింది. 2013లో పార్లమెంటరీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. దీన్నుంచి మనం నేర్వవలసింది విజ్ఞానాన్ని తిరస్కరించమని కాదు. అడిగి, అర్థమయ్యేలా చెప్పి, ఒప్పుకున్నాకే ఒంటిమీద చెయ్యి వెయ్యాలని.

కనుక మన డిమాండు సూటిగా ఉండాలి. మాత్రలిచ్చే రోజునే, మాత్రలిచ్చే చోటే, స్త్రీ ఉద్యోగి చేతుల మీదుగా, తెలుగులోనూ ఉర్దూలోనూ వివరించి పరీక్ష జరగాలి. తేడా కనబడితే చికిత్స దాకా ఆసుపత్రే తీసుకెళ్ళాలి. లాల్‌దర్వాజా ఆమెకు నేను జవాబు చెప్పగలిగాను. పరీక్ష ఏర్పాటు చెయ్యవలసింది మాత్రం ప్రభుత్వమే.