ఆడేది 11 మంది, నిలబెట్టింది 8 వేల మంది

మన పోరలకు మెస్సీ తెలుసు, రొనాల్డో తెలుసు. రాత్రి రెండింటికి లేచి ఫోన్ల మ్యాచ్ చూసేటోళ్లు ఊరికి పది మంది ఉన్నరు. కానీ స్కాట్లాండ్ లీగ్ చూసేటోళ్లు తక్కువ. చూసినా సెల్టిక్, రేంజర్స్ అనే రెండు పేర్లే వినబడ్తయ్. ఎందుకంటే 1985-86 నుంచి 2024-25 దాకా, 40 సీజన్లు, గ్లాస్గో నగరంల ఉన్న ఆ రెండు టీములే లీగ్ టైటిల్‌ను పంచుకున్నయ్.

నేను చెప్పబోయేది ఇంకో టీము సంగతి. ఎడిన్‌బరా నగరంల గోర్గీ అనే వాడ ఉన్నది. ఆడ టైన్‌కాజిల్ అనే గ్రౌండు. ఆ టీము పేరు 'హార్ట్ ఆఫ్ మిడ్లోథియన్'. అందరూ 'హార్ట్స్' అంటరు. 1874ల పుట్టింది. ఆ పేరు ఎడిన్‌బరాల ఒక పాత జైలుకు ఉండే పేరు. జైలును 1817ల కూలగొట్టిన్రు. అది ఉన్న జాగల రోడ్డు మీద రాళ్లతోని గుండె బొమ్మ పరిచిన్రు. టీము చొక్కా మీద ఉండేది ఆ గుండే.

ఈ టీము లీగ్ గెలిచింది నాలుగు సార్లే. 1895, 1897, 1958, 1960. మరి గంత తక్కువ గెలిచిన టీము గురించి మనకెందుకు అంటరా? గెలిచిన సీజన్ల కన్నా ఓడిన సీజన్లే దీని దగ్గర ఎక్కువ నేర్పిస్తయ్.

మొదలు 1914 చూద్దాం. ఆ సీజన్ హార్ట్స్ వరుసగా 8 మ్యాచ్‌లు గెలిచి పట్టికల ముందట ఉంది. అప్పుడే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. "బలంగున్న పోరలు బంతి తన్నుకుంట తిరుగుతున్నరు, సైన్యంల చేరరేంది" అని పత్రికలల్ల గోల. టీము పేరును ఎగతాళి చేసుకుంట, పిరికితనానికి గుర్తయిన తెల్ల ఈకను ఆ పేరుకు తగిలించుమని స్థానిక పత్రికల ఉత్తరం కూడా అచ్చయింది. ఆ 1914 నవంబర్ 25న 11 మంది హార్ట్స్ ఆటగాళ్లు ఒక్కనాడే సైన్యంల చేరిన్రు. తర్వాత ఇంకొందరు కలిసి మొత్తం 16 మంది అయిన్రు. సర్ జార్జ్ మెక్రే అనే ఆయన కట్టిన ఆ పటాలంల హార్ట్స్ అభిమానులు వందల మంది చేరిన్రు. వేరే టీముల ఆటగాళ్లూ చేరిన్రు.

చేరినంక ఆట ఆగలేదు. ఒక దిక్కు సైనిక శిక్షణ, ఇంకో దిక్కు లీగ్ మ్యాచ్‌లు. కాళ్లు అలిసిపోయినయ్. సీజన్ ఆఖరుకు సెల్టిక్ 65 పాయింట్లతోని గెలిచింది, హార్ట్స్ 61 దగ్గర ఆగింది. ఆ సీజన్ల గోల్స్ మోత మోగించిన టామ్ గ్రేసీ, తెల్లారి 1915 అక్టోబర్‌ల రక్త క్యాన్సర్‌తోని చనిపోయిండు. 1916 జులై 1, ఫ్రాన్స్‌ల సోమ్ యుద్ధం మొదటి దినం. ఆ ఒక్కనాడే డంకన్ కరీ, ఎర్నీ ఎల్లిస్, హ్యారీ వాటీ చనిపోయిన్రు. యుద్ధం అయిపోయేసరికి టీము ఏడుగురిని పోగొట్టుకుంది. ప్యాడీ క్రాసన్ లాంటోళ్లు గాయాలతోని తిరిగొచ్చిన్రు.

దీన్ని వీరగాథ లెక్కనే చెప్తరు. వాళ్ల ధైర్యం ముందు తలవంచాల్సిందే. కానీ ఇంకోటి కూడా చూడాలె. సిగ్గు పెట్టింది కుర్చీల కూసున్నోళ్లు, ప్రాణం పెట్టింది కష్టజీవుల ఇండ్ల పోరలు. గోర్గీ జనం ఆ లెక్క మరువలేదు. 1922ల హేమార్కెట్ కూడలిల గడియారం స్తంభం కట్టిన్రు. ఇప్పటికీ ప్రతి నవంబర్‌ల ఆడ జనం నిలబడి మౌనం పాటిస్తరు.

ఇగ మంచి రోజులకు వద్దాం. మేనేజర్ టామీ వాకర్ కాలం. ఆల్ఫీ కాన్, విల్లీ బాల్డ్, జిమ్మీ వార్డాహ్ - ముగ్గురూ ముందు వరుస. వాళ్లను 'భయంకర త్రయం' అని పిలుచుకున్నరు. 1957-58 సీజన్ వచ్చేసరికి డేవ్ మెకై కెప్టెన్. 34 మ్యాచ్‌లల్ల 132 గోల్స్ కొట్టిన్రు, ఇచ్చింది 29. రెండో స్థానంల ఉన్న రేంజర్స్ కన్నా 13 పాయింట్లు ఎక్కువ. గెలుపుకు రెండే పాయింట్లు ఇచ్చే కాలం అది, యాది పెట్టుకోండి.

ఇప్పుడు జర లెక్క చెప్త, ఓపిగ్గ వినండి. 1964-65 సీజన్ ఆఖరు మ్యాచ్. హార్ట్స్ సొంత గ్రౌండ్ల కిల్మార్నాక్‌తోని ఆడుతున్నది. ఒక్క గోల్ తేడాతోని ఓడినా టైటిల్ హార్ట్స్‌దే. 0-2తోని ఓడిన్రు. రెండు టీములకూ 50 పాయింట్లు. అప్పటి నియమం 'గోల్ సగటు' - అంటే కొట్టిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తోని భాగించాలె. హార్ట్స్ 90 కొట్టి 49 ఇచ్చింది, సగటు 1.84. కిల్మార్నాక్ 62 కొట్టి 33 ఇచ్చింది, 1.88. టైటిల్ కిల్మార్నాక్‌కు పోయింది. తీసివేత లెక్క చూసుంటే హార్ట్స్‌కు 41 మిగులు, వాళ్లకు 29. హార్ట్సే గెలిచేది.

తర్వాత నియమం మారింది, తీసివేత లెక్క వచ్చింది. 1986 మే 3, మళ్ల ఆఖరు దినం. హార్ట్స్ 27 లీగ్ మ్యాచ్‌లు ఓడకుండ వచ్చింది. డండీ మీద డ్రా చేస్తే చాలు. 83వ నిమిషం దాకా 0-0. సబ్‌స్టిట్యూట్‌గ వచ్చిన ఆల్బర్ట్ కిడ్ రెండు గోల్స్ కొట్టిండు. అటు సెల్టిక్ 5-0తోని గెలిచింది. ఇద్దరికీ 50 పాయింట్లే. సెల్టిక్ 67 కొట్టి 38 ఇచ్చింది, మిగులు 29. హార్ట్స్ 59 కొట్టి 33 ఇచ్చింది, మిగులు 26. టైటిల్ సెల్టిక్‌కు. పాత సగటు లెక్క ఉండుంటే? హార్ట్స్ 1.79, సెల్టిక్ 1.76. అంటే 1965ల కొత్త నియమం ఉన్నా గెలిచేటోళ్లు, 1986ల పాత నియమం ఉన్నా గెలిచేటోళ్లు. రెండు సార్లూ నియమం ఎదురు దిక్కే ఉంది. ఆట మీరు ఎంత బాగా ఆడినా, లెక్క ఎట్ల గడ్తరో ముందుగాల తెల్సుకోవాలె అనేది ఇందుకే.

అసలు కథ ఇప్పుడు. 2005ల లిథువేనియా బ్యాంకు యజమాని వ్లదిమిర్ రొమనోవ్ టీమును కొన్నడు. పట్టికల ముందట ఉండంగనే మేనేజర్ జార్జ్ బర్లీ బయటికి పోయిండు. 2006ల స్కాటిష్ కప్పు వచ్చింది. 2012ల అదే కప్పు ఫైనల్ల ఊరి ప్రత్యర్థి హిబ్స్‌ను 5-1తోని చిత్తు చేసిన్రు. పండుగే పండుగ. కానీ అదే సీజన్ల ఆటగాళ్లకు జీతాలు టైముకు రాలేదు. కప్పు తళతళలాడింది, కింద అప్పు పెరిగింది. 2013ల బ్యాంకు మునిగింది. జూన్‌ల టీము దివాలా ప్రక్రియలకు పోయింది. అప్పు దాదాపు రెండున్నర కోట్ల పౌండ్లు. లీగ్ 15 పాయింట్లు కోసింది. పిల్లలు పిల్లలున్న టీముతోని 38 పాయింట్లు సంపాదించిన్రు, చేతికొచ్చింది 23. కింది డివిజన్‌కు జారిన్రు. తప్పు చేసింది యజమాని, శిక్ష పడ్డది ఆడేటోళ్లకు, చూసేటోళ్లకు.

గప్పుడు జనం ఏం చేసిన్రు? ఏడ్చుకుంట కూసోలేదు. 'ఫౌండేషన్ ఆఫ్ హార్ట్స్' అనే సంఘం కింద చేరి నెలనెలా పైసలు వేసిన్రు. డ్రైవర్లు, పింఛనుదారులు, చదువుకునే పిల్లలు, దాదాపు 8 వేల మంది. ఎడిన్‌బరాల వ్యాపారం చేసే ఆన్ బడ్జ్ అనే ఆమె 25 లక్షల పౌండ్లు ముందుగాల పెట్టి టీమును విడిపించింది. ఒప్పందం ఏందంటే, జనం ఆ పైసలు తిరిగి కట్టాలె, ఆమె షేర్లు జనానికి ఇయ్యాలె. 2014-15ల 91 పాయింట్లతోని కింది డివిజన్ గెలిచి పైకొచ్చిన్రు. 2020ల కరోనాకు సీజన్ మధ్యల ఆపి మళ్ల కిందికి దింపిన్రు, కేసు కొట్లాడినా లాభం లేకపాయె, తెల్లారి సంవత్సరం గెలిచి తిరిగొచ్చిన్రు. 2021 ఆగస్టు 30న 75.1 శాతం షేర్లు జనం సంఘం చేతికి వచ్చినయ్. ఆమె మాట నిలబెట్టుకుంది, వీళ్లూ కిస్తీ నిలబెట్టుకున్నరు.

దీంతోని పెద్దటీముల పైసల ముందు నిలబడగలరా అంటే, అది అంత అల్క కాదు. అందుకే 2025ల టోనీ బ్లూమ్ అనే పెట్టుబడిదారును రానిచ్చిన్రు. దాదాపు కోటి పౌండ్లు తీసుకొని 29 శాతం షేర్లు ఇచ్చిన్రు. కానీ ఓటు లేని షేర్లు. అదీ సభ్యులు ఓటేసి ఒప్పుకున్నంకనే. పైసలు రావొచ్చు, తాళంచెవి మాత్రం మన దగ్గరే ఉండాలె అని వాళ్ల లెక్క. ఒకసారి చేతులు కాలినోళ్లు కదా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, "మా టీము" అని గుండె మీద చెయ్యి పెట్టుకొని అరిచేటప్పుడు ఒక్క ప్రశ్న ఏసుకోండి. ఆ టీము అమ్మితే మనల్ని అడుగుతరా? గోర్గీల 2005 దాకా ఆ ప్రశ్న అడిగినోళ్లు తక్కువ. 2013ల అందరూ అడిగిన్రు. అడిగి ఊకోలేదు, నెలనెలా కిస్తీ కట్టిన్రు. ఇప్పటికీ కడ్తున్నరు.