శాస్త్రవేత్తల సంఘం ఏం చేస్తుంది?

చేనేత కార్మికులకు, ఉపాధ్యాయులకు సంఘాలు ఉన్న సంగతి మీకు తెలుసు. అలాగే భౌతికశాస్త్రవేత్తలకూ సంఘాలున్నాయి. వాటిలో అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఒకటి. 1899 మే 20న న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 36 మంది శాస్త్రవేత్తలు సమావేశమై దానిని స్థాపించారు.

ఈ సంఘం సభలు జరుపుతుంది, పత్రికలు ప్రచురిస్తుంది. ‘ఫిజికల్ రివ్యూ’ అనే పత్రికను 1913 నుండి నడుపుతోంది. ఈ పత్రికకు వచ్చిన వ్యాసాన్ని అచ్చు వేసే ముందు ఆ విషయం బాగా తెలిసిన మరొక శాస్త్రవేత్తకు చూపించవచ్చు. ఆయనను పరిశీలకుడు అంటారు. ఆయన పేరు వ్యాసం రాసినవారికి చెప్పరు.

ఈ పరిశీలన ఎందుకు? మనం వేసిన లెక్కను మనమే సరిచూసుకుంటే తప్పు కనిపించకపోవచ్చు. మరొకరు చూస్తే ఇట్టే దొరుకుతుంది. ఇందుకు ఒక ఉదాహరణ చూద్దాం.

భారీ వస్తువుల కదలిక వల్ల పుట్టే అలలను గురుత్వ తరంగాలు అంటారు. 1936లో ఐన్‌స్టీన్, రోజెన్ అనే శాస్త్రవేత్తతో కలిసి, అలాంటి తరంగాలు లేవని ఒక వ్యాసం రాసి ఫిజికల్ రివ్యూకు పంపాడు. సంపాదకుడు టేట్ దానిని పరిశీలకుడికి పంపగా, ఆయన లోపాలను చూపుతూ సుమారు పది పేజీలు రాశాడు. అచ్చు కాకముందే తన వ్యాసాన్ని ఇతరులకు చూపించినందుకు ఐన్‌స్టీన్‌కు కోపం వచ్చింది. వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాడు.

ఆ పరిశీలకుడు రాబర్ట్‌సన్. తర్వాత కొద్ది నెలలకు ఆయన ఐన్‌స్టీన్ సహాయకుడు ఇన్‌ఫెల్డ్‌తో మాట్లాడుతూ పొరపాటు ఎక్కడుందో వివరించాడు. లెక్కలో వచ్చిన చిక్కు తరంగాలది కాదు, ఎంచుకున్న నిరూపకాలది. ఐన్‌స్టీన్ కూడా తప్పును గ్రహించాడు. ముగింపును మార్చి, 1937లో వేరొక పత్రికలో వ్యాసాన్ని ప్రచురించాడు.

2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు గురుత్వ తరంగాలను మొదటిసారి నేరుగా గుర్తించాయి. ఆ వ్యాసం కూడా పరిశీలన జరిగాకే 2016 ఫిబ్రవరి 11న ఇదే సంఘం పత్రిక ‘ఫిజికల్ రివ్యూ లెటర్స్’లో వెలువడింది. దానిని రాసినవారిలో భారతీయ శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు.

దీనినిబట్టి మీరేం గ్రహించారు? శాస్త్రంలో చెప్పినవారు ఎవరన్నది కాదు, చెప్పినది పరీక్షకు నిలిచిందా లేదా అన్నదే ముఖ్యం. తప్పు దొరకడం అవమానం కాదు. దానిని దిద్దుకోవడం వల్లనే శాస్త్రం ముందుకు సాగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పరిశీలకుడు చేసే పని ఏమిటి?
2. పరిశీలకుడి పేరును రహస్యంగా ఉంచడం వల్ల ప్రయోజనం ఏమిటి? మీ మాటల్లో రాయండి.