ఘానాదేశపు తల్లియు, భార్యయు

ఆఫ్రికాఖండపు పడమటితీరమున ఘానా యను దేశము కలదు. ఇంగ్లీషువారి యేలుబడిలో దీనికి బంగారుతీరమని పేరు. 1957 మార్చి 6వ తేదీన స్వాతంత్ర్యము వచ్చినపుడు ఒక ప్రాచీనరాజ్యపు పేరును పెట్టుకొనిరి. అకానులు, ఎవేలు, గాలు, డగోంబాలు మొదలగు పెక్కుజాతులవా రచట నున్నారు. అందరి యాచారములకు ఈ పుటలు చాలవు. జనులలో ఇంచుమించు సగముగానున్న అకానుల యిండ్లలోని స్త్రీని గూర్చియే మేము చెప్పబూనితిమి.

అకాను శిశువునకు పుట్టిన వారమే పేరునిచ్చును. శనివారపు మగబిడ్డ క్వామె, ఆడుబిడ్డ అమా. శుక్రవారమైనచో కోఫీ, అఫువా. 8వ నాడు శిశువు నాలుకపై నీటిచుక్కయు మద్యపుచుక్కయు వేసి, నీటిని నీరనియు మద్యమును మద్యమనియు పలుకుమని బోధింతురు. మద్యము మాట మనకు రుచింపదు గాని, బోధ మెచ్చదగినదే.

వంశము తల్లివలన వచ్చును. బిడ్డలు తల్లి వంశమువారే. నాయకుని పేరు ప్రతిపాదించు అధికారము రాజమాతది. 1900లో ఇంగ్లీషువారిపై అశాంతీలను పోరునకు నడిపిన యా అసంతేవా యను నామె ఎజిసు రాజమాతయే. ఆమెను సెషెల్సు దీవులకు పంపివేయగా 1921లో అచటనే మరణించెను.

సోదరీమణులారా, ఇంతవరకు విని మురిసిపోవలదు. పురుషుడు మరణించినచో వాని యాస్తి తోబుట్టువులకో మేనల్లునికో చెందెడిది. మనలో మేనల్లునకు పిల్లనిత్తురు. వారు ఆస్తినే యిచ్చిరి! భార్యాబిడ్డలు వాని వంశమువారు కారు గదా. భర్తతోగూడి ఏండ్లతరబడి కోకోతోటలో పాటుపడిన యిల్లాలు ఉత్తచేతులతో వెడలిన సందర్భములు కలవు. పుట్టినింట ఆమెకు హక్కు లేకపోలేదు. కాని తన చెమటతో పెరిగిన తోట అచట లేదు. తల్లిగా వంశమును నిలిపిన యామెయే భార్యగా పరాయిదయ్యెను.

వీలునామా లేక మరణించినవారి స్వార్జితమును గూర్చి 1985లో శాసనము వచ్చెను. ఇల్లును, ఇంటిసామానును భార్యాబిడ్డలవి. మిగిలినది 16 పాళ్లు చేసినచో బిడ్డలకు 9, భార్యకు 3, తల్లిదండ్రులకు 2, ఆచారముననుసరించి వంశమువారికి 2. పంపకము కాకమునుపే వితంతువును వెడలగొట్టుట నేరము. వంశపు టుమ్మడిభూమి మాత్రము ఈ శాసనమునకు లోబడదు. అట్టి నేలలో భర్త నాటిన కోకోచెట్లు ఎవరివి? వితంతువులకు చిక్కు వచ్చునది ఇచటనే.