విరేచనాలు ఎక్కడినుంచి వచ్చినట్టు?



పిల్లవాడికి నీళ్ళవిరేచనాలు పట్టుకోగానే మనం "దిష్టి తగిలింది" అంటాం, లేకపోతే "పళ్ళొస్తున్నాయిలే" అంటాం. కదూ? పాపం, పళ్ళ తప్పేమీ లేదు. ఆ వయసులోనే బిడ్డ నేలమీద పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. సూక్ష్మజీవి లోపలికి పోయేది ఆ దారినే.

మా ఇంట్లో జరిగింది చెబుతాను, సిగ్గుపడుతూనే. ఒక ఆదివారం కోడికూర చేశాను. పచ్చి కోడిని తరిగిన కత్తిపీటను పంపుకింద ఓసారి తడిపి, దానిమీదే కీరాదోసకాయ కోశాను. కూర అందరం తిన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. కారమని కూర ముట్టని మా చిన్నవాడొక్కడే పెరుగన్నంలో ఆ కీరాముక్కలు తిన్నాడు. మర్నాటికి జ్వరం, ఆపైన విరేచనాల్లో రక్తం. పరీక్షలో సాల్మొనెల్లా అని తేలింది.

"మీరెవరూ తినకుండా వాడొక్కడే తిన్నదేమిటమ్మా?" అని అడిగారు డాక్టరుగారు. ఆలోచిస్తే కత్తిపీట గుర్తొచ్చింది. కూర ఉడికింది, అందులోని సూక్ష్మజీవి చచ్చింది. మరి కీరాని ఎవరు ఉడికించారూ? ఇప్పుడు మా ఇంట్లో రెండు కత్తిపీటలు. కోడి తరిగేదానికి ఎర్రదారం కట్టాను. మా అత్తయ్యగారు చూసి నవ్వుతారు, నవ్వనీండి.

ఇక నీళ్ళ సంగతి. పంపు కట్టేశాక గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా చిల్లుంటే పక్కనున్న మురుగు లోపలికి ఊరుతుంది. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో తాగేనీటిలో కలుషితం కలిసి ప్రాణాలే పోయాయి. అందుకని పంపు రాగానే మొదటి నీళ్ళు పట్టకండి. తాగే నీళ్ళు తెర్లాక ఒక్క నిమిషం కాగనివ్వండి. కాచిన నీళ్ళబిందెలో వేళ్ళు మునిగేలా గ్లాసు ముంచితే మాత్రం కాచిన శ్రమంతా వృథాయే సుమండీ!

పాలసీసా మరో దారి. పీక మూలల్లో మిగిలిన పాలచుక్క సూక్ష్మజీవులకు విందు. ఆరునెలలు నిండేదాకా తల్లిపాలే చాలు, మంచినీళ్ళూ వద్దు.

ఇంట్లో ఒకరికి వస్తే రెండోవారికి అంటేది చేతులవల్లే. రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లా పది నుంచి వంద క్రిములున్నా చాలు. బిడ్డ గుడ్డలు ఉతికి, చేతులు నీళ్ళతో తొలిపి అన్నం కలిపేస్తాం. సబ్బు రుద్దందే అది పోదు.

మరో సంగతి మనకు తట్టదు. అద్దాలతొట్టెలో ముచ్చటగా పెంచే తాబేలుపిల్ల ఒంటిమీద కూడా సాల్మొనెల్లా ఉండవచ్చు. అలాగే, జలుబుకని మందులషాపులో అడిగి వేసే యాంటీబయాటిక్ పేగులో మేలుచేసే క్రిముల్ని చంపేస్తుంది. ఆ ఖాళీలో చెడ్డవి తేలిగ్గా నాటుకుంటాయి.

విరేచనాలు మొదలైతే పాత మందుసీసా వెతక్కండి. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిమీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, చెంచాతో కొంచెంకొంచెం పట్టండి. కలిపింది ఒక్కరోజే, మిగిలితే పారబోయండి. తల్లిపాలు, అన్నం మానిపించవద్దు. రక్తం కనబడినా, కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా పడి ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. వెళ్ళేటప్పుడు, రెండుమూడు రోజులుగా వాడేం తిన్నాడో, ఎక్కడ తాగాడో గుర్తుచేసుకుని చెప్పండి.