నెలలు నిండని బిడ్డ ఇంటికొచ్చాక: షెడ్డు పని, ఇంటి గాలి

ఈ వారం గూళ్ల ధర ముచ్చట పక్కన పెడుతున్నాం. నెలలు నిండకుండా పుట్టి, వారాల తరబడి ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చిన బిడ్డను ఎట్లా సాకాలి అనేదే ఈసారి విషయం.

*జబ్బు ఏమిటి?*
నిండు కాన్పు అంటే దాదాపు 40 వారాలు. 28, 30 వారాలకే పుడితే ఊపిరితిత్తులు పూర్తిగా తయారై ఉండవు. బతికించడానికి పెట్టిన ఆక్సిజన్, వెంటిలేటర్ కూడా ఆ లేత ఊపిరితిత్తులకు కొంత దెబ్బ చేస్తాయి. పుట్టి 28 రోజులు దాటినా ఆక్సిజన్ కావాల్సి వస్తే దాన్ని బీపీడీ అంటారు. ఈ జబ్బును మొదటిసారి 1967లో అమెరికా డాక్టర్లు వివరించారు.

చాకీలో దెబ్బతిన్న పురుగు తర్వాత ఎంత ఆకు వేసినా కోలుకోదు. బిడ్డ అట్లా కాదు. ఊపిరితిత్తుల్లో గాలి గదులు పుట్టాక కూడా పెరుగుతాయి, మొదటి రెండు మూడేళ్లలో మరీ ఎక్కువగా. ఆ రెండు మూడేళ్లు మన చేతిలో ఉన్నయి.

*మన ఇంట్లో ఏం మారాలి?*
• సున్నం, బ్లీచింగ్, ఫార్మలిన్, బెడ్డు మీద చల్లే పొడి: ఇవన్నీ బిడ్డకు చేటే. షెడ్డులో పని చేసినోళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. బిడ్డ ఉయ్యాల షెడ్డులో కట్టొద్దు.
• స్నానమయ్యాక సాంబ్రాణి పొగ వేయొద్దు. పెద్దలు బాధపడినా సరే. కట్టెల పొయ్యి, బీడీ పొగ దరిదాపుల్లో వద్దు.
• ఇంటికి ఆక్సిజన్ ఇచ్చి పంపితే దాని దగ్గర దీపం, అగరుబత్తి, నిప్పు ఏదీ ఉండొద్దు.
• జలుబు ఉన్నోళ్లు దూరంగా ఉండాలి. ఈ పిల్లలకు మామూలు జలుబే న్యుమోనియా అయి మళ్లీ ఆస్పత్రి పాలు చేస్తుంది.

*వయసు రెండు లెక్కలు*
రెండు నెలల ముందు పుట్టిన బిడ్డకు ఆరు నెలలు వస్తే, ఎదుగుదల నాలుగు నెలల బిడ్డతో పోల్చాలి. రెండేళ్ల దాకా ఇదే లెక్క. "పక్కింటి పిల్ల కూర్చుంటోంది, మనది కూర్చోదు" అని తల్లిని అనొద్దు. టీకాలు మాత్రం పుట్టిన తేదీ లెక్కనే, ఆలస్యం చేయొద్దు.

*తిరిగి చూపించాల్సిందే*
ఇస్లాపూర్ నుంచి నాందేడ్‌కు పోయినా, ఆదిలాబాద్ రిమ్స్‌కు పోయినా ఒక రోజు పని పోతుంది. బిడ్డ బాగానే ఉంది కదా అని మానేస్తాం. కానీ కంటి రెటీనా పరీక్ష పుట్టిన నాలుగు వారాల్లోపే కావాలి, మరీ ముందు పుడితే ఇంకా తొందరగా. ఆలస్యమైతే చూపే పోవచ్చు. వినికిడి, బరువు, నడక, మాట కూడా చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల పరీక్ష, వైద్యం ఉచితం. ఆశా కార్యకర్తను అడగండి.

బడికి పోయే వయసులో కొందరికి పిల్లికూతలు, ఉరికితే ఆయాసం, చదువులో ధ్యాస తప్పడం కనిపిస్తాయి. అది సోమరితనం కాదు. బిడ్డ ముందు పుట్టిన సంగతి మాస్టారుకు చెప్పండి. చాలామంది పిల్లలు పెద్దయ్యే కొద్దీ తేరుకుంటారు.

*ఆగకుండా 108కి ఫోన్ చేయాల్సినవి:* ఊపిరి వేగం పెరగడం, పక్కటెముకల కింద గుంట పడడం, పెదాలు నీలమవడం, పాలు తాగకపోవడం.

ఒక పంట పోతే రెండు నెలల్లో మళ్లీ వేస్తాం. బిడ్డకు ఈ రెండేళ్లు మళ్లీ రావు. కొత్తగా కాన్పైన ఇళ్లకు ఈ మెసేజ్ పంపండి.