పాత కంప్యూటరు పెట్టెతో పాకలో దీపములు

మన సంఘములలో లెక్కలు కంప్యూటరున వ్రాయుట వాడుకయైన పిదప, పాతబడిన యంత్రములు బీరువాలపై దుమ్ముపట్టి పడియుండుట పెక్కుచోట్ల చూచుచున్నాము. తెర పగిలినను, మదరుబోర్డు చెడినను, విద్యుత్తునందించు ఇనుపపెట్టె మాత్రము బాగుగనే యుండవచ్చును. బజారున దీనిని ఎస్.ఎం.పి.ఎస్. అందురు. దీనితో పశువులపాకకు దీపములమర్చుకొను విధమును వివరింతుము.

ఈ పెట్టె గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును గైకొని 12, 5, 3.3 వోల్టులుగా మార్చి యిచ్చును. ఎల్.ఇ.డి. పట్టీలకు 12 వోల్టులు చాలును. తడినేల గల పాకలో పశువు కొమ్ముతో తీగను లాగిన దినమున, ఆ తీగలో నున్నది 230 వోల్టులో 12 వోల్టులో యనుట చిన్నమాట కాదు.

అయినను పెట్టెలోపల అంత సాధుత్వము లేదు. అచ్చట సుమారు 325 వోల్టుల విద్యుత్తు కెపాసిటర్లలో నిలువయుండి, ప్లగ్గు తీసిన పిమ్మటను కొంతసేపు ప్రాణాంతకముగా నుండును. కావున పెట్టె మరలను విప్పనే కూడదు. పనియంతయు వెలుపలి తీగలతోనే జరుగవలయును. కొన్ని పాతపెట్టెల వెనుక 115, 230 అను అంకెలుగల చిన్న మీట యుండును. అది 230 వైపున నున్నదో లేదో చూడక ప్లగ్గు పెట్టినచో పెట్టె పేలిపోవును.

తీగలలో పసుపుపచ్చనిది 12 వోల్టులు, ఎఱ్ఱనిది 5 వోల్టులు, నల్లనివి తిరుగుదారి. ఆకుపచ్చ తీగ ఒక్కటే యుండును. దానిని నల్లతీగతో కలిపినగాని పెట్టె మేల్కొనదు. పాతపెట్టెలు కొన్ని 5 వోల్టులవైపు కొంత బరువు లేనిదే నిలుకడగా పనిచేయవు. ఎఱ్ఱ, నల్ల తీగలనడుమ 10 ఓములు, 10 వాట్ల రెసిస్టరునొకదానిని బిగించిన సరిపోవును. అది వేడెక్కును గాన కఱ్ఱకును గడ్డికిని దూరముగా నుంచవలెను. కొన్ని కంపెనీల పెట్టెలలో రంగుల క్రమము వేఱు. మీటరుతో కొలిచి, పసుపు, నల్ల తీగలనడుమ 11.4 మొదలు 12.6 వోల్టులలోపల నున్నదని నిశ్చయించుకొన్న పిదపనే దీపములను తగిలింపుడు.

ఇక లెక్క. మీటరునకు 4.8 వాట్ల పట్టీ 5 మీటర్లు వేసినచో 24 వాట్లు, అనగా 2 ఆంపియర్లు. పెట్టె 12 వోల్టులవైపు ఎన్ని ఆంపియర్లు ఈయగలదో దాని చీటీపై వ్రాసియుండును. అందు సగమునకు మించి వాడకుండుట మా మతము. 10 మీటర్ల దూరమునకు 1 చదరపు మిల్లీమీటరు రాగితీగ వాడినచో, రాకపోకలకు 20 మీటర్లగుటచే 2 ఆంపియర్లకు సుమారు 0.7 వోల్టు తఱుగును. ఇది సహింపదగినదే. ఆ తీగతోనే 6 ఆంపియర్లు పంపినచో 2 వోల్టులకు పైగా తఱిగి దీపములు మసకబారును.

ప్రతి తీగకు 3 ఆంపియర్ల ఫ్యూజు తప్పక వేయవలెను. 12 వోల్టులేగదా యని కొందఱు దీనిని విడిచిపెట్టుదురు. విద్యుత్తు మనిషిని కొట్టకపోవచ్చును గాని, సన్నని తీగలు రెండు కలిసినచో ఎఱ్ఱగా కాలి పైనున్న గడ్డినంటించుటకు ఆ పెట్టె బలము చాలును. పెట్టెను పాకలో నుంచక, ఇంటిలోపల పొడిగోడకు బిగించి, ఫ్యానునకు గాలియాడనిచ్చి, మూడవపిన్నునకు సరియైన ఎర్తు కలుపవలెను.

కరెంటు పోయిన ఈ దీపములును పోవును. దీనితో బ్యాటరీ నింపుకొందమనుట పొరపాటు: 12 వోల్టుల ఆమ్లబ్యాటరీ నిండుగా నుండుటకు 13.8 వోల్టులు కావలెను. ఆకుపచ్చ తీగ విడదీసినను పెట్టె కొంత విద్యుత్తును త్రాగుచునే యుండును గనుక గోడస్విచ్చు ఆర్పవలయును. ఒక్క దీపమే కావలసినవారు 9 వాట్ల బల్బు కొనుక్కొనుటయే లాభము. ఈ శ్రమ వారికి దండుగ.

మాడువాసన వచ్చు పెట్టెను, ఫ్యాను తిరుగని పెట్టెను వాడకుడు. దానిని చెత్తతో కాల్చక, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసికొను కేంద్రమున కప్పగింపుడు. పాతపెట్టెల టంకములో సీసమున్నది.